దొనకొండలో దిగేవారి సామాను

గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలో వినుకొండ, కురిచేడు దాటాక దొనకొండ వస్తుంది. ఇలాంటి స్టేషన్లలో రైళ్లు సాధారణంగా ఆగేది ఒక నిమిషం, మహా అయితే రెండు. ఆ కాస్త వ్యవధిలోనే దిగేవాళ్లు దిగాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి. సెలవులకని డాలస్ నుంచి బయల్దేరిన నలుగురు మనుషుల కుటుంబం అలాంటి రైలు బోగీ తలుపు దగ్గర నిలబడిందనుకుందాం. అమెరికా నుంచి ఇండియాకు వచ్చే ఎకానమీ టికెట్టు మీద చాలా విమాన సంస్థలు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తాయి. నలుగురికి ఎనిమిది పెట్టెలు, 184 కిలోలు. చేతిసంచులు మనిషికి 7 కిలోల చొప్పున ఇంకో 28. అంతా కలిపి 12 శాల్తీలు, 212 కిలోలు. రైల్వే లెక్క వేరు. ఏసీ త్రీటైర్‌లో ఉచితంగా తీసుకెళ్లగలిగేది మనిషికి 40 కిలోలు, అంటే నలుగురికీ కలిపి 160. అంతకంటే పెద్ద చిక్కు తూకంలో లేదు, తలుపు దగ్గరుంది. బెర్తుల కింద ఇరికించిన పన్నెండు శాల్తీలను ఒక్కొక్కటిగా లాగి, ఇరుకు నడవలోంచి తెచ్చి, మెట్ల మీదుగా ప్లాట్‌ఫారం మీదికి దించాలి. ఎర్రచొక్కా కూలీలు పెద్ద జంక్షన్లలో దొరుకుతారు గాని ఇక్కడ దొరకరు.

సామాను తగ్గించుకోవడం గురించి వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం బట్టలు ఎలా మడవాలో చెబుతాయి. దొనకొండ, మార్కాపురం ఉన్న పశ్చిమ ప్రకాశానికి వచ్చే ప్రవాసులకు మడతల కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ప్రయాణంలో ఏ అంచె అన్నిటికంటే ఇరుకో చూసి, సామాను దానికి సరిపడా సర్దుకోవాలి. విమానం ఎంత ఇస్తుందో చూసి అంతా నింపుకుంటే, చివరి వంద కిలోమీటర్లలో ఆ బరువంతా ఇంట్లో పెద్దవాళ్ల నడుముల మీద, ఎదురొచ్చిన మేనల్లుళ్ల భుజాల మీద పడుతుంది.

ఈ అంచెలు ఒకదానికంటే ఒకటి సన్నబడుతూ పోతాయి. అమెరికా నుంచి 46 కిలోలతో దిగిన మనిషి ఢిల్లీలోనో ముంబైలోనో గన్నవరం విమానం ఎక్కాలనుకుంటే, టికెట్టు మొత్తం ఒకటేనా, విడివిడిగా కొన్నదా అన్నది చూసుకోవాలి. ఒకే టికెట్టయితే మామూలుగా అంతర్జాతీయ ప్రయాణపు పరిమితే చివరిదాకా వర్తిస్తుంది. చౌకగా వచ్చిందని దేశవాళీ టికెట్టు విడిగా కొంటే, ఎకానమీలో సాధారణంగా 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతిసంచి మాత్రమే. మిగతాదానికి కిలో లెక్కన కట్టాలి. టికెట్టులో మిగిలిన డబ్బు అక్కడే పోతుంది. కువైట్, దుబాయ్‌ల నుంచి వచ్చేవాళ్లకు మొదటి అంచెలోనే పరిమితి తక్కువ, చాలా టికెట్ల మీద 30 కిలోలు. సామాను ఆకారానికీ నిబంధనలున్నాయి. చదునైన వైపు లేని గుండ్రటి మూటలు కన్వేయర్ బెల్టుల్లో ఇరుక్కుంటున్నాయని 2017 మార్చిలో దుబాయ్ విమానాశ్రయం అలాంటి వాటిని నిరాకరించడం మొదలుపెట్టింది. దుప్పట్లో కట్టిన మూటను అక్కడే విప్పి అట్టపెట్టెలోకి మార్చాల్సి వస్తుంది.

శంషాబాద్‌లో దిగి శ్రీశైలం మీదుగా కారులో రావాలనుకునేవాళ్లకు మరో ఇబ్బంది. నల్లమలలో పులుల అభయారణ్యం ఉండటంతో అటవీ చెక్‌పోస్టులను రాత్రిపూట మూసేస్తారు. విదేశీ విమానాలు చాలావరకు దిగేది అర్ధరాత్రి, తెల్లవారుజామున. పిల్లలతో, పైన తాళ్లతో కట్టిన పెట్టెలతో ఒక కారు గేటు దగ్గర తెల్లారేదాకా ఆగడం ఎవరికీ హాయి కాదు. నాలుగు చిన్న పెట్టెలైతే డిక్కీలో సర్దేసి, నగరంలోనే కాసేపు నిద్రపోయి, పొద్దున బయల్దేరవచ్చు.

సామాను తగ్గించుకోవాలన్నది దొనకొండకు కొత్త పాఠం కాదు. మీటర్ గేజ్ కాలంలో ఈ ఊరు రైల్వే ఊరు. ఆవిరి ఇంజన్లకు లోకో షెడ్డు, సిబ్బందికి క్వార్టర్లు, బ్రిటిష్ వాళ్ల నాటి విమాన మైదానం, అన్నీ ఉన్న చోటు. 1990లలో లైను బ్రాడ్‌గేజ్‌గా మారడంతో ఆ సందడి తగ్గింది. ఈ లైన్లలో బతికిన గార్డులు, డ్రైవర్లకు ప్రతి డ్యూటీకీ వెంట ఒక ఇనుప పెట్టె ఉండేది. దాన్ని లైన్ బాక్స్ అనేవారు. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, ప్రమాద వేళ పట్టాల మీద పెట్టే డిటొనేటర్లు, ప్రథమ చికిత్స డబ్బా, నిబంధనల పుస్తకాలు, ఇవి కాక సొంత బట్టలు, వంట గిన్నెలు. ఆ పెట్టెను బండిలోకి ఎక్కించడానికి, దించడానికి వేరే మనుషులు ఉండేవారు. 2018 ప్రాంతం నుంచి రైల్వే ఈ పెట్టెల బదులు ట్రాలీ బ్యాగులు ప్రవేశపెడుతూ వచ్చింది. బరువు ఇక తామే మోసుకోవాల్సి వస్తుందని ఉద్యోగ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. వాళ్ల బాధలో న్యాయం ఉంది. మోసే మనిషిని తీసేసేటప్పుడు పెట్టె బరువు కూడా తగ్గించి తీరాలి. లావుపాటి నిబంధనల పుస్తకాలు తెర మీద చదువుకునే రోజులు వచ్చాయి కాబట్టి కొంతైనా తగ్గించే వీలు కలిగింది.

మోసే మనిషి ఉన్నంతకాలం సామాను పెరుగుతూనే ఉంటుందనడానికి తెలుగులో పాత సాక్ష్యం ఒకటుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పల్లకీలు, బోయీలు, గుడారాలు, వంటవాళ్లు, బంధువులు కలిసి దాదాపు నూరుమంది పరివారం. కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగిన ఆ దారి ఈ నల్లమల ప్రాంతానిదే. ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఆ రోజుల్లో దారిలో ఏది దొరుకుతుందో తెలియదు కాబట్టి అంత సరంజామా అవసరమైంది. ఇప్పుడు మార్కాపురం బజారులో దొరకనిది చాలా తక్కువ.

అదే శ్రీశైలం కొండకు ఇంకో రకంగా వచ్చేవాళ్లు ఉన్నారు. ప్రతి ఏటా ఉగాదికి కర్ణాటక నుంచి వేలాదిమంది భక్తులు నడిచి శ్రీశైలం వస్తారు. ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిలో నడిచి, భీముని కొలను దాటి, కైలాసద్వారం మెట్లెక్కి చేరుకుంటారు. వాళ్ల భుజాన ఉండేది ఒక చిన్న మూట. జొన్నరొట్టెలు, ఒక దుప్పటి, మార్చుకోవడానికి ఒక జత. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు కాబట్టి పుట్టింటి సారెగా చీర, పసుపు కుంకుమలు తెస్తారు. అన్ని రోజులు కాలినడకన వచ్చేవాళ్లు కూడా కానుకను వదిలిపెట్టరు, అయితే తెచ్చేది ఒక్క చీర. మాల వేసుకున్న స్వాముల ఇరుముడిలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ముందు ముడిలో దేవుడికి సమర్పించేవి, వెనక ముడిలో తన దారి బత్తెం. ఏది ఎవరికోసమో కట్టేటప్పుడే తేలిపోతుంది. రెండూ కలిసి తలమీద నిలవాలి, కనుక ఏదీ హద్దు మీరదు.

ప్రవాసుల పెట్టెలను ఈ లెక్కన విప్పి చూస్తే బరువు ఎక్కడుందో తెలుస్తుంది. వెనక ముడి, అంటే సొంత బట్టలు, మందులు, పది కిలోలు దాటవు. తక్కిన ముప్ఫై ఆరు కిలోలూ ముందు ముడే. చాక్లెట్ల బస్తా, సెంటు సీసాలు, ఒంటికి రాసుకునే లోషన్లు, విటమిన్ బిళ్లల డబ్బాలు, బాదంపప్పు, పిస్తా. పెద్దమ్మకొకటి, మేనత్తకొకటి, పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని ఇంకొకటి. ఇందులో ప్రేమ ఉంది, మొహమాటమూ ఉంది. ఒకప్పుడు ఈ కానుకలకు విలువ ఎందుకుండేదంటే అవి ఇక్కడ దొరికేవి కావు. ఇప్పుడు ఆ కారణం పోయింది. కాలిఫోర్నియా బాదం అన్నిటికంటే ఎక్కువగా ఎగుమతి అయ్యేది భారతదేశానికే. డాలస్‌లో కొని పెట్టెలో పెట్టుకుని, సముద్రాలు దాటించి, దొనకొండ దాకా మోసుకొచ్చిన పప్పు, మార్కాపురం కిరాణా కొట్టులో కాగితం పొట్లంలో కట్టిచ్చే పప్పు, రెండూ అదే లోయ నుంచి ఓడెక్కి ఉండవచ్చు.

“ఇదేంది అబ్బయ్యా, ఒక్క సంచీతో వచ్చావా?” అని ఇంట్లో అడగకుండా ఉండరు. దానికి భయపడి పెట్టె నింపడం కంటే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవడం మేలు. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే సరుకు మండల కేంద్రాల పిన్‌కోడ్‌కు కూడా చేరుతోంది. పెద్దాయనకు బీపీ చూసుకునే యంత్రం, మామ్మకు మోకాళ్ల పట్టీ బయల్దేరక ముందే ఇంటికి చేర్చవచ్చు. చెడిపోతే మరమ్మతూ వారంటీ ఇక్కడే ఉంటాయి, ఇక్కడి కరెంటుకు సరిపోతాయి కూడా. చిన్నపిల్లలకు మాత్రం చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి. తీసుకెళ్లిన చాక్లెట్లు చాలకపోవడం పెద్ద లోటు కాదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండలో చాక్లెట్ ముద్దయిపోతుందని దొనకొండ పిల్లలకు బాగా తెలుసు.

ఇక సొంత సామాను. ముందు పెట్టెనే తూచుకోవాలి. పెద్ద గట్టి పెట్టె ఖాళీగానే నాలుగైదు కిలోలుంటుంది, 23లో అదీ భాగమే. సూట్‌కేసుకు చక్రాలు బిగించే ఆలోచనకు బెర్నార్డ్ శాడో అనే అమెరికన్ 1972లో పేటెంటు పొందాడు. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్ రాబర్ట్ ప్లాత్ 1980ల చివర్లో దాన్ని నిలువుగా లాక్కెళ్లే రెండు చక్రాల సంచిగా మార్చాడు. ఆ చక్రాలు విమానాశ్రయపు నున్నటి నేల కోసం పుట్టినవి. కంకర ప్లాట్‌ఫారం మీద, పల్లె వీధి రాళ్ల మీద అవి ఉన్నా లేనట్టే, చేత్తో ఎత్తాల్సిందే. అందుకే ఇక్కడికి వచ్చేవాళ్లకు ఒక మధ్యరకం పెట్టె, వీపున తగిలించుకునే ఒక సంచీ సరైన జోడీ. ఒక్క చేత్తో ఎత్తి బోగీ మెట్లు దిగగలిగితే ఆ పెట్టె సరైన బరువులో ఉన్నట్టు.

బట్టల దగ్గర ఎండ మనకు తోడు. మార్చి నుంచి జూన్ దాకా దొనకొండ వైపు దండెం మీద ఆరేసిన నూలు చొక్కా రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది. అందువల్ల మూడు వారాల ప్రయాణానికైనా మూడు వారాల బట్టలు అక్కర్లేదు. ఒంటి మీద ఒక జత, సంచిలో మూడు జతలు, రాత్రికి ఒక లుంగీయో నైటీయో చాలు. నూలు చొక్కా ఒకటి 200 నుంచి 250 గ్రాములు, జీన్స్ ప్యాంటు 600 నుంచి 700. రెండు జీన్స్ బదులు రెండు పలచటి నూలు ప్యాంట్లు పెడితే తూకం తగ్గుతుంది, ఒళ్లూ ఉక్కపోయదు. పట్టుచీర జరీని బట్టి 700 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటుంది. పెళ్లి కోసం వచ్చేవాళ్లు ఒకటి తెచ్చుకుంటే మిగతావి అక్కచెల్లెళ్ల బీరువాల్లోవి కట్టుకోవచ్చు, అదొక సంబరం కూడా. రోజువారీకి చీరాల నేత చీరో, పంచో ఇక్కడే కొనుక్కుంటే వెళ్లేటప్పుడు అదే పట్టుకెళ్లే వస్తువవుతుంది. శ్రీశైలంలో స్పర్శ దర్శనానికి మగవాళ్లకు పంచె, కండువా కావాలి. అవి ఎలాగూ ఇక్కడ కొనాల్సినవే. బూట్లు కాళ్లకు ఉండాలి, పెట్టెలో ఉండాల్సింది చెప్పుల జత ఒకటే.

కరెంటు సామాను విషయంలో చాలామంది అనవసరంగా బరువు మోస్తారు. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటే అవి ఇక్కడ పనిచేస్తాయి, చిన్న ప్లగ్ అడాప్టర్ ఒకటి చాలు. జుట్టు ఆరబెట్టే యంత్రం, ఇస్త్రీపెట్టె లాంటివి 120 వోల్టులకు మాత్రమే చేసినవైతే ఇక్కడ పెట్టీ పెట్టగానే కాలిపోతాయి. పవర్‌బ్యాంకులు చెక్ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. మామూలుగా 100 వాట్ అవర్ల దాకా అనుమతిస్తారు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్.

రెండు వస్తువుల్లో మాత్రం పొదుపు పనికిరాదు. రోజూ వేసుకునే మందులు మొత్తం ప్రయాణానికి సరిపడా, పైన ఒక వారానికి కూడా, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. పెట్టె దారి తప్పితే దొనకొండ దాకా అది చేరడానికి రోజులు పడుతుంది. అదే సంచిలో ఒక జత బట్టలూ పెట్టుకోవాలి. రెండోది ఖాళీ నీళ్ల సీసా. పశ్చిమ ప్రకాశంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, తరాలుగా ఇక్కడివాళ్లను పీడించిన కష్టమిది. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా శ్రీశైలం నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఈ మండలాలు ఏళ్ల తరబడి ఎదురుచూసింది ఇందుకే. ఇళ్లలో తాగేది శుద్ధి చేసిన క్యాన్ నీళ్లే, బయటికి వెళ్లేటప్పుడు అందులోంచి సీసా నింపుకెళ్లడం మంచిది.

ఒక్క సంచితో వచ్చినవాళ్లు కూడా వెళ్లేటప్పుడు లొంగిపోతారు. అమ్మ పెట్టిన ఆవకాయ, గోంగూర పచ్చడి, నల్లకారం, సున్నుండలు, అరిసెలు. వద్దనడం ఎవరి వల్లా కాదు, వద్దనకూడదు కూడా. అందుకే వచ్చేటప్పుడు పెట్టెలో సగం ఖాళీ ఉంచుకోవాలి, ఆ సగం వీళ్లది. ఏవి తీసుకెళ్లవచ్చో మాత్రం అమ్మకు ముందే చెప్పాలి, ఆమె రాత్రంతా కూర్చుని చేసింది చెత్తబుట్టలో పడకుండా ఉండాలంటే. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలు వద్దన్న నిబంధన పచ్చళ్లకు, నెయ్యికి కూడా వర్తిస్తుంది. అవి చెక్ఇన్‌లోనే వెళ్లాలి, గాలి చొరకుండా ప్యాక్ చేయించి. ఎండుకొబ్బరి చిప్పలు నూనె వల్ల తమంతట తామే వేడెక్కి అంటుకునే స్వభావం ఉన్న సరుకుల జాబితాలో ఉన్నాయి, భారతదేశంలో 2022 నుంచి చెక్ఇన్ సామానులోనూ వాటిని నిషేధించారు. అమెరికా వెళ్లేవాళ్లు మాంసం పచ్చళ్లు, మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు తీసుకెళ్లకూడదు. కరివేపాకు మీద వచ్చే పురుగు నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసుకొస్తుందని అక్కడి అధికారుల భయం. ధాన్యపు గోదాములను గుల్ల చేసే ఖాప్రా పురుగు కారణంగా 2011 నుంచి మన దేశపు బియ్యాన్ని ప్రయాణికుల సంచుల్లో రానివ్వడం లేదు, ఆ తర్వాత శనగలనూ ఆ జాబితాలో చేర్చారు. ప్రకాశం జిల్లా శనగ పంటకు పేరు. సొంత పొలంలో పండిన శనగలను మనవడికి పంపాలని తాత మూట కడితే, విమానాశ్రయంలో తీసి పారేసేదాకా ఆ సంగతి తెలియకపోవడం బాధాకరం. ఆ శనగలతో ఇక్కడే మనవడికి గుగ్గిళ్లు చేసిపెడితే సరి.

మిగతావి పార్సిల్ చేద్దామనుకునేవాళ్లు కొత్త లెక్క తెలుసుకోవాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి రద్దయింది. పంపే ముందు కొరియర్ వాళ్లను సుంకం ఎవరు కట్టాలో అడిగి తేల్చుకోకపోతే, పచ్చడి కంటే దాని సుంకమే ఎక్కువయ్యే వీలుంది.

తిరుగు పెట్టెలో అడుగున పెట్టుకోదగ్గ వస్తువు మార్కాపురంలో ఒకటుంది. అది పలక. ఇక్కడి గనుల్లోంచి పొరలు పొరలుగా వచ్చే నల్లరాయిని కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించి తయారుచేసిన మార్కాపురం పలకల మీదే తెలుగునాట ఎన్నో తరాల పిల్లలు ఓనమాలు దిద్దారు. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ బాగా పడిపోయింది, దాని మీద బతికిన కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. న్యూజెర్సీలోనో మెల్‌బోర్న్‌లోనో గుడిలో పిల్లకు అక్షరాభ్యాసం చేయించే తల్లిదండ్రులు పలక కోసం వెతుకుతుంటారు. చదునుగా ఉంటుంది, చోటు పట్టదు. మూలలు చిట్లకుండా రెండు తువ్వాళ్ల నడుమ పెట్టి, మీద చీరలు పరిస్తే చాలు. రెండు పలకలు, ఒక బలపాల పెట్టె కలిపి కిలోన్నర దాటవు.